స్టీవ్ హ్యారిస్ బేస్ కొంటే ఆ సౌండ్ వస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది విశాఖ. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ అంటే ప్రాణం, వాళ్ల పాటలు వినే బేస్ గిటార్ మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఫెండర్ కంపెనీ జాజ్ బేస్ తరహాలో ఉండే ఓ మామూలు గిటార్. మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హ్యారిస్ పేరుతో ఫెండర్ వాళ్లు చేసే సిగ్నేచర్ బేస్ కొందామని డబ్బు దాచుకుంటున్నాను, బయటి నుంచి తెప్పించుకుంటే లక్ష పైమాటే. నాన్నేమో "ఆ ఫుట్‌బాల్ బొమ్మకా అంత డబ్బు?" అంటున్నారు. ఫ్రెండ్స్ "పేరే సిగ్నేచర్, లోపలంతా మామూలు ప్రెసిషన్ బేసే" అంటున్నారు. అసలు దాంట్లో ప్రత్యేకత ఏముంది? కొంటే ఆ సౌండ్ వస్తుందా?

జవాబు:

తమ్ముడూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్పేస్తాను. ఆ బేస్ ఒక్కటీ కొంటే ఆ సౌండ్ రాదు. అలాగని నీ ఫ్రెండ్స్ అన్నట్టు అది ఉత్త పేరూ కాదు. ఒక మనిషి దశాబ్దాల తరబడి వాయిస్తూ "నాకు ఇలా కావాలి, ఇలా వద్దు" అని తేల్చుకున్న నిర్ణయాలన్నీ ఆ చెక్క ముక్కలో ఉన్నాయి. ఆ నిర్ణయాల్లో కొన్నింటికి లక్ష పెట్టాలి, కొన్నింటికి కొన్ని వేలు చాలు, అన్నిటికంటే పెద్దదానికి పైసా ఖర్చు లేదు, సాధన ఒక్కటే కావాలి. ఏది ఏదో తెలిస్తే కొనాలా వద్దా అన్నది నీకే తేలిపోతుంది.

మీ ఫ్రెండ్స్ మాటలో నిజం ఎంతో ముందు చూద్దాం. అవును, అది ప్రెసిషన్ బేసే. లియో ఫెండర్ 1951లో తెచ్చిన వాద్యం, 1957లో దాని పికప్‌ని (తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) రెండు ముక్కలుగా చేశారు, ఒక ముక్క లావు తీగలు రెండింటినీ, ఇంకోటి సన్న తీగలు రెండింటినీ అందుకుంటుంది, ఆ రెండు ముక్కలూ కలిసి కరెంటు హమ్‌ని చంపేస్తాయి. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ డిజైన్ పెద్దగా మారలేదు. ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్, 34 అంగుళాల స్కేలు, అంటే తీగ మోగే పొడవు, అంతే. స్టీవ్ హ్యారిస్ 1970ల నుంచీ ఈ రకాన్నే పట్టుకుని ఉన్నాడు. మధ్యలో ఐదు తీగల బేస్‌లు వచ్చాయి, బ్యాటరీతో నడిచే సర్క్యూట్లు వచ్చాయి, మెటల్ వాయించేవాళ్లు చాలామంది అటు వెళ్లారు, ఆయన మాత్రం కదల్లేదు.

మరి సిగ్నేచర్‌లో మార్చింది ఏమిటి? ఒకటి, బాడీ మేపుల్ చెక్కతో చేశారు. ప్రెసిషన్ బేస్‌లకి మామూలుగా వాడే ఆల్డర్ కంటే మేపుల్ గట్టిది, బరువైనది. చెక్క మారితే సౌండ్ ఎంత మారుతుందన్న దానిమీద జనం రాత్రంతా కొట్టుకుంటారు, నా వరకు ఎలక్ట్రిక్ బేస్‌లో చెక్క పాత్ర చిన్నదే, కానీ భుజం మీద బరువు మాత్రం ఖాయం, గంటన్నర రిహార్సల్ చేశాక నీకు మొదట తెలిసేది అదే. రెండు, తెల్లటి సిగ్నేచర్‌లో ఉన్న పికప్, పికప్‌లు చేసే సీమోర్ డంకన్ కంపెనీ వాళ్లు ఆయన పేరుతోనే చేసే ఎస్‌పీబీ-4. ఇది విడిగా కూడా అమ్ముతారు, ఏ మామూలు ప్రెసిషన్ బేస్‌లోనైనా సరిగ్గా ఆ గుంటలోనే కూర్చుంటుంది, కాస్త సోల్డరింగ్ చేయడం వస్తే చాలు. మూడు, ఆయన పేరుతోనే వచ్చే రోటోసౌండ్ కంపెనీ ఫ్లాట్‌వౌండ్ తీగలు. నాలుగు, మీ నాన్నగారు అన్న ఆ బొమ్మ.

ఆ బొమ్మ వెస్ట్ హామ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ చిహ్నం. స్టీవ్ హ్యారిస్ 1956లో తూర్పు లండన్‌లోని లేటన్‌స్టోన్‌లో పుట్టాడు, కుర్రాడిగా ఉన్నప్పుడు అదే క్లబ్‌లో శిక్షణ తీసుకున్నాడు, ఫుట్‌బాలా సంగీతమా అన్న ఊగిసలాట నిజంగానే నడిచింది. కాబట్టి ఆయన బేస్ మీద ఆ చిహ్నం ఉండటంలో అర్థం ఉంది. నీ బేస్ మీద ఉండాలా అన్నది నీ ఇష్టం. ఆ బొమ్మ చూడగానే వాయించాలనిపిస్తే అది కూడా ఒక లాభమే, అభిమానాన్ని నేను తక్కువ చేసి చూడను. సౌండ్ లెక్కలో మాత్రం దాన్ని పక్కన పెట్టు.

ఇక తీగల సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నీకు కావాల్సిన సౌండ్‌లో సగం ఇక్కడే ఉంది.

నీ బేస్ తీగ మీద గోటితో పొడవునా గీకి చూడు. గరగరమంటుంది కదా, అది రౌండ్‌వౌండ్. లోపలి ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి సన్న తీగ చుడతారు, అందుకే పైన గరుకు. ఫ్లాట్‌వౌండ్‌లో చుట్టేది చదునైన రిబ్బన్ లాంటి తీగ, గోరు జారిపోతుంది, చెయ్యి పైకీ కిందికీ కదిపితే కీచుమన్న శబ్దం రాదు. 1966లో రోటోసౌండ్ వాళ్లు ద హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి రౌండ్‌వౌండ్ తీగల మీద పనిచేశారు, ఆ తర్వాత రాక్ అంతా ఆ మెరుపు సౌండ్ వైపు వెళ్లింది. ఫ్లాట్‌వౌండ్ అంటే పాతకాలం సోల్, జాజ్ వాయించేవాళ్లదన్న పేరు పడిపోయింది. హెవీ మెటల్‌లో, అంత వేగంలో, అంత గట్టిగా ఫ్లాట్‌వౌండ్ వాయించేవాళ్లు చాలా అరుదు, స్టీవ్ హ్యారిస్ ఆ అరుదైన వాళ్లలో మొదటి పేరు.

ఆయన సెట్ ఎస్‌హెచ్77. మోనెల్ చుట్టిన తీగలు, మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, సన్నదాని నుంచి లావుదానికి 50, 75, 95, 110. నీ గిటార్ మీద బహుశా 45 నుంచి 105 సెట్ ఉంటుంది, షాపులో వచ్చేవి ఎక్కువగా అవే. అంకెల్లో తేడా చిన్నదే అనిపిస్తుంది, వేలికి మాత్రం చాలా తెలుస్తుంది, తీగ బిగువుగా ఉంటుంది, గట్టిగా లాగినా తొణకదు, వేలు కొట్టగానే వెనక్కి తోస్తుంది.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్లాట్‌వౌండ్ తీగలు కొత్తగా ఉన్నప్పుడు లోహపు మెరుపుతో గట్టిగా మోగుతాయి, చెమట పట్టేకొద్దీ మెత్తబడి దుమ్‌దుమ్‌మని మొద్దుబారుతాయి. అమెరికాలో సోల్ పాటల రికార్డు కంపెనీ మోటౌన్ స్టూడియోలో వాయించిన జేమ్స్ జేమర్సన్‌కి ఆ మొద్దు సౌండే కావాలి, అందుకే తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆయన వాద్యం కూడా ప్రెసిషన్ బేసే, తీగలూ ఫ్లాట్‌వౌండే, వాయించింది మాత్రం ఒకే ఒక్క చూపుడు వేలితో. స్టీవ్ హ్యారిస్‌ది పూర్తిగా అటు చివర, ఆయన టెక్నీషియన్ ప్రతి షోకీ కొత్త తీగలు ఎక్కిస్తాడు. (చాలా ఏళ్లు ఆ పని చేసిన మైకేల్ కెన్నీయే మెయిడెన్ షోలలో కీబోర్డు కూడా వాయించాడు, ఎందుకో నాకు ఆ సంగతి భలే నచ్చుతుంది.) ఒకే రకం గిటార్, ఒకే రకం తీగలు, ఒకరి దగ్గర మెత్తటి సోల్, ఇంకొకరి దగ్గర కటకటలాడే మెటల్. గిటార్ తల మీద ఉన్న పేరు చూసి సౌండ్ ఊహించుకోవడం ఎంత తప్పో ఈ ఇద్దరి రికార్డింగులు పక్కపక్కన వింటే తెలుస్తుంది, నిజంగా విను, ఈ రాత్రికే విను.

ఇప్పుడు చెయ్యి. స్టీవ్ హ్యారిస్ పిక్ (తీగ మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) పట్టుకోడు. చూపుడు వేలు, మధ్య వేలు, ఈ రెండింటితోనే గుర్రపు దౌడులా పరిగెత్తిస్తాడు, ఒక పొడుగు రెండు పొట్టి, ఒక పొడుగు రెండు పొట్టి, పాటంతా అదే ఊపు. చాలామంది మూడు వేళ్లు వాడుతున్నాడేమో అనుకుంటారు. యాక్షన్ కిందికి పెట్టి, అంటే తీగలు ఫ్రెట్లకి (పొడుగాటి నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకి) బాగా దగ్గరగా ఉంచి, ఆ లావు తీగల్ని గట్టిగా కొడతాడు. కొట్టిన ప్రతిసారీ తీగ వెళ్లి ఫ్రెట్లకి తగిలి "టక్" మంటుంది. నువ్వు రికార్డులో వినే ఆ కటకట శబ్దం అదే. వేరే ఎవరి బేస్‌లోనైనా అలా వినిపిస్తే సెటప్ బాగోలేదని రిపేరుకి పంపేస్తారు.

ఆ టక్కు ఆయనకు ఎందుకు అవసరమో కూడా చెబుతాను. బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, విడిగా మీటితే, సెకనుకి 41 సార్లు ఊగుతుంది. అంత కింది స్వరం ఫోన్ స్పీకర్లో అసలు రాదు, స్టేజీ మీద డ్రమ్స్ కిక్‌లో కలిసిపోతుంది. మెయిడెన్‌లో 1999 నుంచి గిటారిస్టులు ముగ్గురు, డేవ్ మర్రీ, ఏడ్రియన్ స్మిత్, జానిక్ గెర్స్. మూడు డిస్టార్షన్ గిటార్ల గోడ మధ్యలోంచి బేస్ నోట్ ఎక్కడ మొదలైందో చెవికి అందాలంటే పైనెక్కడో ఒక గట్టి క్లిక్ కావాలి, ఆ ఫ్రెట్ల టక్కు సరిగ్గా ఆ పని చేస్తుంది. కింద ఫ్లాట్‌వౌండ్ ఇచ్చే నిండైన లావు, పైన ఫ్రెట్ ఇచ్చే క్లిక్, మధ్యలో గిటార్లకి చోటు. ఫోన్లో మెయిడెన్ పాట పెట్టి విను, కింది స్వరం లేకపోయినా బేస్ ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. ఆ క్లిక్ వల్లే.

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు మొదటిసారి మన దేశంలో వాయించారు, హైదరాబాద్ నుంచి కూడా బస్సుల్లో రైళ్లలో వెళ్లినవాళ్లు ఉన్నారు, నువ్వు అప్పటికి చిన్నపిల్లాడివి. వాళ్ల కచేరీల వీడియోలు ఏవి దొరికినా ఈసారి గిటార్ వైపు చూడకు, ఆయన కుడి మణికట్టు చూడు. ఎక్కడ ఆనించాడు, వేళ్లు తీగ మీద ఎంత లోతుకి దిగుతున్నాయి, కొట్టాక ఎక్కడ ఆగుతున్నాయి. అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

సరే, నువ్వేం చేయాలి? నీ దగ్గరున్నది జాజ్ బేస్ తరహా అన్నావు, అంటే రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్ నాబ్‌లు. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి నెక్ వైపుది పూర్తిగా పెంచు, ప్రెసిషన్ సౌండ్‌కి దగ్గరికి వస్తావు, అచ్చంగా అదే రాదు గానీ దారి తెలుస్తుంది. తర్వాత ఆ 50-110 ఫ్లాట్‌వౌండ్ సెట్ ఒకటి కొను. మామూలు తీగల కంటే ఖరీదే, కానీ నువ్వు దాచిన లక్షలో చిన్న ముక్క. తీగలు మార్చే పని మాత్రం మొదటిసారి గిటార్ రిపేర్ తెలిసినవాళ్ల చేత చేయించు. 105కి కోసిన నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో 110 తీగ ఇరుక్కుంటుంది, కొంచెం ఆకురాయి పట్టాలి. బిగువు పెరిగి నెక్ ముందుకి వంగుతుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) సర్దాలి, అదీ పావు తిప్పు పావు తిప్పుగా, ఒక్కసారిగా కాదు. తీగ మిగిలింది కదా అని ముందే కత్తిరించేయకు, తీగ బిగించే కీ దగ్గర తొంభై డిగ్రీలు మడిచాకే కొయ్యాలి, లేదంటే చదును చుట్టు ఊడి తీగ మొత్తం చచ్చిపోతుంది, పైన మెరుపంతా పోతుంది.

విశాఖలో ఉంటున్నావు కాబట్టి ఇంకో మాట. సముద్రపు గాలికి తీగలు ఎంత త్వరగా తుప్పు పడతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. మోనెల్ అంటే నికెల్, రాగి కలిసిన లోహం, ఉప్పునీటికి తట్టుకుంటుందని ఓడల సామాన్లలో వాడతారు, కాబట్టి పైచుట్టు బాగానే నిలుస్తుంది. లోపలిది ఉక్కే. వాయించాక పొడిగుడ్డతో తుడవడం, పెట్టెలో పెట్టడం మానకు. వానాకాలంలో నెక్ కాస్త కదులుతుంది, అది గిటార్ పాడైందని కాదు, రాడ్ మళ్లీ చూపించుకుంటే సరిపోతుంది.

ఇక దౌడు సాధన. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 80 దగ్గర పెట్టు, ఒకే నోట్ మీద ఒక పొడుగు రెండు పొట్టి, చూపుడు మధ్య చూపుడు, మధ్య చూపుడు మధ్య. ఇలా వేళ్లు మారుతుంటే ప్రతి గుంపూ వేరే వేలితో మొదలవుతుంది, మొదట్లో తికమకగా ఉంటుంది, అదే అసలు కీలకం. రెండు వేళ్ల దెబ్బా ఒకేలా వినిపించేదాకా వేగం పెంచకు. ఫోన్లో రికార్డు చేసి విను, ఏ వేలు బలహీనంగా ఉందో ఇట్టే దొరికిపోతుంది. మోచేతి కింద మంట మొదలైతే ఆపేయి, పళ్లు బిగబట్టి వాయించావంటే నెలలు నెలలు గిటార్ ముట్టుకోలేని పరిస్థితి వస్తుంది, అలాంటి కుర్రాళ్లని చూశాను.

కొన్ని నెలలు ఇలా వాయించాక కూడా ఆ సిగ్నేచర్ మీద మోజు తగ్గకపోతే, అప్పుడు కొను, సంతోషంగా కొను. కానీ ఒక్కటి తేల్చుకుని కొను: నెక్. తీగలు మార్చుకోవచ్చు, పికప్ మార్చుకోవచ్చు, బ్రిడ్జ్ మార్చుకోవచ్చు, రంగు కూడా వేయించుకోవచ్చు, నెక్ కూడా విప్పి మార్చొచ్చు గానీ అది వీటంత తేలిక కాదు. ప్రెసిషన్ నెక్ నట్ దగ్గర మామూలుగా 41 మిల్లీమీటర్లకి పైగా ఉంటుంది, నువ్వు అలవాటు పడిన జాజ్ తరహాది 38. మూడు మిల్లీమీటర్లే, కానీ మొదటి ఫ్రెట్ దగ్గర నీ చిటికెన వేలు ఎంతవరకు అందుతుందో అదే తేలుస్తుంది. నన్నడిగితే సిగ్నేచర్ బేస్‌లకి అదనంగా డబ్బు పెట్టడానికి అన్నిటికంటే గట్టి కారణం నెక్కే. రష్ బ్యాండ్ బేసిస్ట్ గెడ్డీ లీ సంగతే చూడు, అమెరికాలో మిషిగన్‌లోని కలమజూలో ఒక తాకట్టు కొట్లో 200 డాలర్లకి దొరికిన పాత 1972 జాజ్ బేస్ ఆయనది, ఫెండర్ 1998లో ఆయన పేరుతో మోడల్ తెచ్చినప్పుడు సన్నటి నెక్‌తోనే చేసింది, రష్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా ఆ నెక్ కోసం దాన్ని కొనుక్కుంటారు. నీ చెయ్యి జాజ్ నెక్‌నే కోరుకుంటోందేమో, అది తెలియకుండా అభిమానం కొద్దీ లక్ష పెట్టకు. హైదరాబాదో బెంగళూరో వెళ్లినప్పుడు షాపులో ఏ ప్రెసిషన్ బేస్ అయినా అడిగి అరగంట వాయించు, ఫెండర్ వాళ్లదే తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్ ఉన్నా చాలు, వెడల్పు తెలుస్తుంది. ఆ స్క్వయర్‌లోనే ఎస్‌పీబీ-4 పికప్ వేసి ఆ తీగలు ఎక్కిస్తే సౌండ్‌లో చాలా దూరం వచ్చేస్తావు, మిగిలిన డబ్బుతో మంచి యాంప్ వస్తుంది. నీ స్థానంలో నేనైతే అదే చేస్తాను.

నాన్నగారి గురించి. ఆయన మీద చిరాకు పడకు. బేస్ అంటే ఏమిటో ఆయనకు ఎవరూ వినిపించి ఉండరు. ఎనభైల నాటి ఇళయరాజా తెలుగు పాట ఒకటి మంచి హెడ్‌ఫోన్‌లో పెట్టి ఇవ్వు, గొంతుని వదిలేసి అడుగున నడుస్తున్న దాన్ని పట్టుకోమను, పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది కదా, "ఇదే నాన్నా నేను నేర్చుకునేది" అని చెప్పు. అలాగే స్టీవ్ హ్యారిస్ మొదట డ్రమ్స్ వాయించాలనుకున్నాడనీ, ఇంట్లో డ్రమ్ సెట్‌కి చోటు లేక బేస్ పట్టాడనీ, పదిహేడేళ్లప్పుడు కొన్న ఆ మొదటి బేస్ 40 పౌండ్ల ప్రెసిషన్ కాపీ అనీ, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా దానిమీదే వాయించడం మొదలుపెట్టాడనీ కూడా చెప్పు. ఆ కథ ఆయనకంటే నీకే ఎక్కువ పనికొస్తుందేమో.

సెకండ్‌హ్యాండ్‌లో సిగ్నేచర్ దొరికిందనుకో, ఫోటోలు చూసి మురిసిపోకు. తల వైపు నుంచి బ్రిడ్జ్ వైపుకి నెక్ అంచు వెంబడి తీసిన ఫోటో అడుగు, మెలి తిరిగి ఉంటే అందులో కనిపిస్తుంది. సీరియల్ నంబర్ తీసుకుని ఫెండర్ వాళ్లనే అడిగి సరిచూసుకో. పిక్‌గార్డ్ (బాడీ మీది పలక) విప్పి పికప్ వెనకవైపు చూపించమను, అసలు పికప్ తీసి అమ్ముకుని మామూలుది పెట్టి అమ్మేవాళ్లు ఉంటారు. ట్రస్ రాడ్ రెండు వైపులా తిరుగుతోందని వీడియో కాల్‌లో నీ కళ్లతో చూడు, అది చూడకుండా అడ్వాన్స్ పంపకు.